ఆడిటర్ గారంటే ఎవరు? బళ్లారి తెలుగు వ్యాపార కుటుంబాల కోసం

మన బళ్లారిలో లెక్కలు చూసే ప్రతి ఒక్కరినీ ‘ఆడిటర్ గారు’ అనే అంటాం. చార్టర్డ్ అకౌంటెంటూ ఆడిటరే, ట్యాక్స్ వకీలూ ఆడిటరే, కంప్యూటర్ పెట్టుకుని జీఎస్టీ రిటర్నులు వేసే కుర్రవాడూ ఆడిటరే. గౌరవానికి పిలిచే పిలుపులో తప్పేమీ లేదు. కానీ చట్టం దృష్టిలో వీరు ముగ్గురూ వేరు. ఒకరు పెట్టాల్సిన సంతకం మరొకరు పెడితే ఆ కాగితం చెల్లదు. మా సంఘం ఆఫీసుకు ఫైళ్లు పట్టుకుని వచ్చేవారిలో చాలామందికి ఈ తేడా నోటీసు అందాకే తెలుస్తోంది. అందుకే ఏ పనికి ఎవరు, వారి అర్హత ఎలా సరిచూసుకోవాలి, అర్హత ఉన్నవారిలో మన పని బాగా తెలిసినవారిని ఎలా గుర్తుపట్టాలి అన్నవి ఒకచోట రాసి పెడుతున్నాం.

బోర్డు మీద ‘స్పెషలిస్ట్’ అని ఉంటే

డాక్టర్ల విషయంలో మనకు ఒక అలవాటు ఉంది. బోర్డు మీద గుండె నిపుణులు, ఎముకల నిపుణులు అని చదివి లోపలికి వెళ్తాం. లెక్కల వారి దగ్గర ఆ అలవాటు పనికిరాదు. 1949 నాటి చార్టర్డ్ అకౌంటెంట్ల చట్టంలో 7వ సెక్షన్ ప్రకారం ప్రాక్టీసులో ఉన్న సీఏ తన పేరు పక్కన ‘చార్టర్డ్ అకౌంటెంట్’ అన్న హోదానే వాడాలి. ‘ఇన్‌కమ్ ట్యాక్స్ కన్సల్టెంట్’ అనో ‘జీఎస్టీ స్పెషలిస్ట్’ అనో దానికి తగిలించుకోకూడదు. వకీళ్లకూ అలాంటి కట్టుబాటే ఉంది. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నియమాల్లో 36వది, ఫలానా రకం కేసుల్లో నిపుణుడినని వకీలు బోర్డు మీద రాసుకోకూడదని చెబుతుంది. సొంత ప్రచారం చేసుకోవడం మీదా రెండు వృత్తులకూ ఆంక్షలున్నాయి.

దీన్నిబట్టి ఏం తేలుతుందో చూడండి. నిజంగా పరీక్షలు పాసై, ఒక సంస్థ క్రమశిక్షణ కింద పనిచేసేవారి బోర్డు చాలా సాదాగా ఉంటుంది. పెద్ద ఫ్లెక్సీ మీద ‘ఆల్ ట్యాక్స్ స్పెషలిస్ట్, 100 శాతం గ్యారంటీ’ అని రాసుకోగలిగేది ఆ కట్టుబాట్లు లేనివారే. అలా రాసుకున్న వారందరూ పని రానివారని మేము అనడం లేదు. రిటర్నులు శుభ్రంగా, సమయానికి వేసేవారు వారిలోనూ ఉన్నారు. బోర్డును బట్టి నైపుణ్యాన్ని అంచనా వేయవద్దని మాత్రమే మా మాట.

ఎవరి సంతకం దేనికి

మొదట సీఏ. కంపెనీల ఆడిట్, ఆదాయపు పన్ను చట్టం కింద చేసే ట్యాక్స్ ఆడిట్ వీరే చేయాలి. వ్యాపారం టర్నోవరు కోటి రూపాయలు దాటితే సాధారణంగా ట్యాక్స్ ఆడిట్ వస్తుంది. రాబడిలోనూ ఖర్చులోనూ నగదు 5 శాతానికి మించకపోతే ఆ హద్దు 10 కోట్లు. జీఎస్టీలో సంగతి వేరు. వార్షిక లెక్కల సరిపోలిక పత్రం మీద సీఏ గానీ కాస్ట్ అకౌంటెంట్ గానీ సంతకం చేయాలన్న నిబంధనను 2021లో తీసేశారు, ఇప్పుడు వ్యాపారే స్వయంగా ధ్రువీకరిస్తే చాలు. ఇంకా ‘జీఎస్టీ ఆడిట్ ఫీజు’ అని బిల్లు వేస్తుంటే ఏ పనికి అని అడగండి.

కాస్ట్ అకౌంటెంట్లు వేరే వృత్తి, వారి చట్టం 1959 నాటిది. ఉత్పత్తి ఖర్చు లెక్క కట్టడం వారి చదువు. మన జిల్లాలో ఉక్కు, స్పాంజ్ ఐరన్ కంపెనీలకు వీరి అవసరం ఎక్కువ. ఉక్కు లాంటి రంగాల్లో కంపెనీ మొత్తం టర్నోవరు 100 కోట్లు, ఆ సరుకు మీద టర్నోవరు 35 కోట్లు దాటితే కాస్ట్ ఆడిట్ తప్పనిసరి. చిన్న జీన్స్ యూనిట్‌కు చట్టప్రకారం ఇది అక్కర్లేదు. అయినా ఒక్క ప్యాంటుకు కుట్టుకూలి, వాషింగ్, గుండీ, జిప్పు కలిపి అసలు ఎంత పడుతోందో తెలియక నష్టానికి అమ్ముతున్నవారు ఒకసారి ఇలాంటివారితో లెక్క వేయించుకుంటే ఫీజు గిట్టుబాటవుతుంది.

కంపెనీ సెక్రటరీల చట్టం 1980లో వచ్చింది. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పెట్టడం, వాటాల బదిలీ, డైరెక్టర్ల మార్పు, రిజిస్ట్రార్ ఆఫ్ కంపెనీస్‌కు పంపే ఫారాలు వీరి పని. అన్నదమ్ములు ముగ్గురు కలిసి పెట్టిన కంపెనీలో ఒకరు బయటికి వెళ్తున్నప్పుడు ముందుగా మాట్లాడవలసింది వీరితోనే. ఆ దశ దాటి గొడవ ముదిరితే వకీలు కావాలి.

జీఎస్టీ ప్రాక్టీషనరు గురించి చాలామందికి తెలియదు. ఇది చట్టం గుర్తించిన హోదా. కామర్స్, లా లాంటి డిగ్రీ ఉన్నవారు, పాత అమ్మకపు పన్ను ప్రాక్టీషనర్లు, వాణిజ్య పన్నుల శాఖలో తగిన స్థాయిలో పనిచేసి రిటైరైన అధికారులు దరఖాస్తు చేసుకుని, నిర్ణీత పరీక్ష పాసై ఈ హోదా పొందుతారు. వారికి పీసీటీ-02 అనే నమోదు పత్రం ఉంటుంది. రిటర్నులు, రీఫండు దరఖాస్తులు, రిజిస్ట్రేషన్‌లో మార్పులు వీరు చేయగలరు. నెలనెలా రిటర్నులకు సీఏ దగ్గరికే వెళ్లాలని లేదు, మంచి ప్రాక్టీషనరు చాలు. అలా నమోదు కూడా లేకుండా మీ పాస్‌వర్డుతో మీ పేరు మీదే లాగిన్ అయి పని చేసేవారికి మాత్రం చట్టంలో ఏ స్థానమూ లేదు. రేపు పొరపాటు జరిగితే పోర్టల్ దృష్టిలో అది మీరు చేసిందే.

ఆస్తుల విలువ కట్టడం మరో ప్రత్యేక విద్య. కంపెనీల చట్టం కింద 2017 నియమాల ప్రకారం రిజిస్టర్డ్ వాల్యుయర్లు మూడు వర్గాలు. భూమి-భవనాలు ఒకటి, యంత్రాలు ఒకటి, షేర్లు-ఆర్థిక ఆస్తులు ఇంకొకటి. భూమికి విలువ కట్టే అర్హత ఉన్నాయన రైస్ మిల్లు యంత్రాలకు కట్టిన విలువ ఆ చట్టం కింద నిలవదు. బ్యాంకు రుణానికైతే బ్యాంకు తన జాబితాలో ఉన్నవారి రిపోర్టే తీసుకుంటుంది కాబట్టి ముందు బ్యాంకును అడిగాకే ఫీజు కట్టండి. దివాలా ప్రక్రియలు నడిపే ఇన్సాల్వెన్సీ ప్రొఫెషనల్స్ అని మరొకరున్నారు. వీరిని ఇన్సాల్వెన్సీ అండ్ బ్యాంక్రప్సీ బోర్డు నమోదు చేస్తుంది. వారి అవసరం మనలో ఎవరికీ రాకూడదు.

అసలు ఎవరూ అక్కర్లేని పనులూ ఉన్నాయి. చిన్న పరిశ్రమల ఉద్యమ్ రిజిస్ట్రేషన్ 2020 జూలై 1 నుంచి ప్రభుత్వ వెబ్‌సైట్‌లో పూర్తిగా ఉచితం, ఆధార్ నంబరుతో ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు. దానికి వేలల్లో ఫీజు అడిగేవారి దగ్గరికి మిగతా పనులకూ వెళ్లకపోవడం మంచిది.

నంబరు అడగడంలో మొహమాటం వద్దు

సీఏకు సభ్యత్వ సంఖ్య ఉంటుంది, అది 6 అంకెలు. ఫర్మ్‌కు వేరే రిజిస్ట్రేషన్ నంబరు. ఈ రెండూ ఆయన సంతకం చేసే ప్రతి ఆడిట్ రిపోర్టు మీదా ఉంటాయి. ఇన్‌స్టిట్యూట్ వెబ్‌సైట్‌లో పేరుతో గానీ నంబరుతో గానీ వెతికి చూసుకోవచ్చు. ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. సీఏ పాసైనంత మాత్రాన చాలదు, సర్టిఫికెట్ ఆఫ్ ప్రాక్టీస్ కూడా ఉండాలి. పాసై కంపెనీలో పూర్తికాలం ఉద్యోగం చేస్తున్న మీ మేనల్లుడు మీ దుకాణం ఆడిట్ మీద సంతకం చేయలేడు. ఆయన నిజంగా సీఏనే అయినా సరే.

2019 నుంచి సీఏలు ఇచ్చే సర్టిఫికెట్లకు, ఆడిట్ రిపోర్టులకు యూడిన్ తప్పనిసరి చేశారు. ఇది 18 అక్షరాల సంఖ్య. మొదటి రెండు అంకెలు సంవత్సరం, తరువాతి ఆరు ఆ సీఏ సభ్యత్వ సంఖ్య, మిగతా పది కంప్యూటర్ ఇచ్చేవి. కాగితం చేతికి రాగానే మూడో అంకె నుంచి ఎనిమిదో అంకె వరకు చూసి, సంతకం కింద ఉన్న సభ్యత్వ సంఖ్యతో పోల్చండి. రెండూ కలవకపోతే అక్కడే ఆగండి. కలిసినా ఇన్‌స్టిట్యూట్ యూడిన్ పోర్టల్‌లో వేసి ఒకసారి చూసుకోండి, దానికి ఫీజు లేదు. పిల్లలను అమెరికా, బ్రిటన్ చదువులకు పంపేవారు చేయించుకునే నెట్‌వర్త్ సర్టిఫికెట్‌కు ఇది మరీ ముఖ్యం. బ్యాంకువారూ, కాన్సులేటువారూ ఆ నంబరు సరిచూసుకునే వీలుంది. రబ్బరు స్టాంపు ఎవరైనా చేయించుకోగలరు.

జీఎస్టీ ప్రాక్టీషనర్ల పేర్లు జీఎస్టీ పోర్టల్‌లోనే వెతకవచ్చు. వకీలు ఏ రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో నమోదయ్యారో ఎన్‌రోల్‌మెంట్ నంబరు చెబుతుంది. నంబరు అడిగితే నొచ్చుకుంటారేమోనని మనవాళ్లు వెనుకాడతారు. నిజమైన వృత్తిదారు నొచ్చుకోరు.

అర్హత తరువాత, సరిహద్దు

నంబరు సరిపోయింది, మనిషి నిజమైనవాడే. అయినా మన పని తెలిసినవాడని అర్థం కాదు. బళ్లారిలో వ్యాపారం చేసే తెలుగువారి అవసరం కొంచెం ప్రత్యేకమైనది.

1953 అక్టోబరు 1న ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు వెళ్లాయి, బళ్లారి మైసూరు రాష్ట్రంలో చేరింది. చుట్టరికాలు, పొలాలు, బాకీలు మాత్రం అటూ ఇటూ అలాగే ఉండిపోయాయి. గుంతకల్లుకు సరుకు పంపడం మనకు పక్క పేటకు పంపినట్టే ఉంటుంది. జీఎస్టీకి అది అంతర్‌రాష్ట్ర అమ్మకం. కర్ణాటక జీఎస్టీ నంబరు 29తో మొదలవుతుంది, ఆంధ్రప్రదేశ్‌ది 37తో. రాయదుర్గంలో గోడౌన్ పెట్టి అక్కడి నుంచి అమ్మితే ఆంధ్రలో వేరే రిజిస్ట్రేషన్ కావాలి. సరుకు వ్యాపారానికి 40 లక్షల టర్నోవరు దాకా రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న మాట మనందరం విన్నదే. రాష్ట్రం దాటించి పన్ను పడే సరుకు అమ్మేవారికి, కొన్ని మినహాయింపులు తప్ప, ఆ హద్దు వర్తించదు. మొదటి రూపాయి నుంచే రిజిస్టర్ కావాలి. 1 శాతం కట్టే కాంపోజిషన్ స్కీములో ఉన్నవారైతే వేరే రాష్ట్రానికి సరుకు అమ్మనేకూడదు.

దీనివల్ల దెబ్బతిన్న ఒక కుటుంబం మాకు తెలుసు. పేర్లు చెప్పం. చిన్న జీన్స్ దుకాణం, కాంపోజిషన్ స్కీము, మూడు నెలలకోసారి లెక్క కట్టే సలహాదారు. గుంతకల్లు, రాయదుర్గం దుకాణాలకు రెండేళ్లు లారీలో మూటలు వెళ్లాయి. బిల్లులన్నీ సలహాదారు చేతికి నెలనెలా వెళ్లేవి. బిల్లు మీద ఊరి పేరు ఆయన చూడలేదు, చూసినా దాని అర్థం తెలిసినట్టు లేదు. నోటీసు పోర్టల్‌లో పడింది. పోర్టల్‌లో ఉన్న ఈమెయిల్, ఫోన్ నంబరు సలహాదారువి, అవి కూడా ఆయన మానేసిన పాతవి. జవాబు వెళ్లలేదు, ఆర్డరు వచ్చింది. ఆర్డరు మీద అప్పీలుకు గడువు మూడు నెలలు, సరైన కారణం చూపిస్తే మరో నెల. బ్యాంకు ఖాతా ఆగిపోయాక గానీ వారికి విషయం తెలియలేదు, అప్పటికి ఆ నాలుగు నెలలూ దాటిపోయాయి. ఆలూరు వైపు ఉన్న పొలం అమ్మి కట్టారు. ఆ ఇంటి పెద్దాయన మాతో అన్నది ఒక్కటే: “ఆయన రిటర్ను ఒక్కరోజు కూడా ఆలస్యం చేయలేదండీ.” నిజమే. రిటర్నులన్నీ సమయానికే వెళ్లాయి. తప్పు స్కీములో వెళ్లాయి.

రిటర్ను వేయడం వేరు, వ్యాపారం చూసి సలహా చెప్పడం వేరు. రెండోది వచ్చినవారిని గుర్తుపట్టడానికి మాకు తెలిసిన మంచి దారి, వారు మిమ్మల్ని ఏమేం అడుగుతున్నారో గమనించడం. మొదటిసారి కలిసినప్పుడు సరుకు ఎక్కడి నుంచి వస్తుంది, ఎక్కడికి పోతుంది, ఏ బండిలో, కుట్టు ఎవరు చేస్తారు, డబ్బు ఫోన్‌పేలో ఎంత, నగదులో ఎంత అని విసుగు పుట్టేలా అడిగేవారు పని తెలిసినవారు. ఆధార్, పాన్, రెండు ఫొటోలు తీసుకుని రేపు రమ్మనేవారు నింపేది ఫారాలే.

మీరూ అడగవచ్చు. మా వాడుకలో ఉన్న కొన్ని ప్రశ్నలు ఇవి. బళ్లారిలో కత్తిరించిన గుడ్డ రాయదుర్గంలో జాబ్‌వర్క్ కుట్టుకు పంపితే ఈ-వే బిల్లు ఎప్పుడు కావాలి? ‘50 వేలు దాటితే’ అని వెంటనే చెబితే ఆయనకు సరిహద్దు పని అలవాటు లేనట్టే. వేరే రాష్ట్రంలోని జాబ్‌వర్కరుకు పంపేటప్పుడు విలువ ఎంతైనా ఈ-వే బిల్లు కావాలి. ఆదోని రైతు దగ్గర నేరుగా పత్తి కొంటే పన్ను ఎవరు కట్టాలి? 2017 నవంబరు నుంచి కొన్న రిజిస్టర్డ్ వ్యాపారే కట్టాలి, దాన్ని రివర్స్ చార్జ్ అంటారు. ఆంధ్ర నుంచి వచ్చిన మామూలు గిరాకీ కౌంటరు దగ్గర కొని, బిల్లు మీద తన ఊరి చిరునామా రాయమంటే ఏమవుతుంది? దీని మీద నియమం 2023 అక్టోబరులో మారింది. జీన్స్ ధర 2,500 దాటితే పన్ను ఎంత? 2025 సెప్టెంబరు 22 నుంచి 2,500 వరకు 5 శాతం, ఆ పైన 18. ఇవన్నీ నోటికి వచ్చి తీరాలని మేము అనం. ‘చూసి చెబుతాను’ అని, చూసి, రెండు రోజుల్లో కాగితం మీద రాసి చెప్పేవారు, అక్కడికక్కడే ఏదో ఒకటి చెప్పేవారికంటే ఎంతో మేలు.

2025 జూలైలో కర్ణాటక అంతటా యూపీఐ లెక్కల ఆధారంగా చిన్న వ్యాపారులకు వచ్చిన నోటీసులు గుర్తుండే ఉంటాయి. హావేరిలో ఒక కూరగాయల వ్యాపారికి 29 లక్షలు కట్టమని వచ్చిందని పత్రికల్లో చదివాం. తాజా కూరగాయల మీద జీఎస్టీ లేదు, పన్ను లేని సరుకు మాత్రమే అమ్మేవారికి రిజిస్ట్రేషనే అక్కర్లేదు. ఆ మాట సెక్షన్‌తో సహా, కొనుగోలు చీటీలు జతచేసి గడువులోగా రాయగలిగినవారు దొరికితే చాలు, భయం సగం తగ్గుతుంది. అప్పుడు మన ఊళ్లోనూ కొందరు నోటీసు చూసి బెదిరి, సగానికి మాట్లాడిపెడతామన్న మధ్యవర్తులకు డబ్బులిచ్చారు. జీఎస్టీ అధికారి ముందు మీ తరఫున హాజరు కాగలిగేవారు ఎవరో చట్టంలోనే ఉంది: మీ బంధువు, మీ ఉద్యోగి, వకీలు, సీఏ, కాస్ట్ అకౌంటెంట్, కంపెనీ సెక్రటరీ, జీఎస్టీ ప్రాక్టీషనరు, నియమాల ప్రకారం అర్హులైన రిటైర్డ్ అధికారులు. ‘లోపల మనవాళ్లున్నారు’ అనేవారి పేరు అందులో లేదు.

పైస్థాయి అప్పీలుకు వెళ్లవలసి వస్తే మీ మామూలు సలహాదారును నొప్పించకుండానే మరొకరిని పెట్టుకోవచ్చు. జీఎస్టీ అప్పిలేట్ ట్రిబ్యునల్ 2025 సెప్టెంబరులో మొదలైంది. హైకోర్టు అంటే మనకు ధారవాడ బెంచి. అక్కడ వాదించేవారు వేరు, ఇక్కడ లెక్కలు సిద్ధం చేసేవారు వేరు. ఒక్కరే అన్నీ చేస్తానంటే, ఇంతకు ముందు ఎన్ని అప్పీళ్లు నడిపారో, వాటిలో ఆర్డరు కాపీ ఒకటి చూపగలరో అడగండి.

విదేశాల్లో ఉన్న పిల్లల పేర ఇక్కడ ఆస్తి ఉంటే అదీ వేరే పనే. విదేశంలో స్థిరపడిన వ్యక్తి ఆస్తి అమ్మితే కొన్నవారు పన్ను పట్టుకునే లెక్క ఇక్కడివారి అమ్మకానికి ఉన్న 1 శాతం లెక్క కాదు, చాలా ఎక్కువ. డబ్బు బయటికి పంపేముందు సీఏ సర్టిఫికెట్టూ కావలసి వస్తుంది. ఈ పని ఏడాదికి ఒకటీ అరా చేసేవారికంటే తరచూ చేసేవారిని వెతకాలి. అమెరికా రిటర్నుకు మన సీఏ అర్హత సరిపోదు, అక్కడ సీపీఏలు, ఆ దేశపు పన్ను శాఖ గుర్తించిన ఎన్‌రోల్డ్ ఏజెంట్లు ఉంటారు.

ఫీజు, పాస్‌వర్డు, ఫైలు

ఫీజు ఎంత అన్నదాని మీద మేము ఏమీ చెప్పలేం. ఎలా అడుగుతున్నారన్నది మాత్రం చూడండి. రీఫండులో ఇంత శాతం, తగ్గించిన పన్నులో ఇంత వాటా అని ఫీజు మాట్లాడకూడదని సీఏలకు, కొన్ని మినహాయింపులతో, నియమం ఉంది. వకీళ్లకూ ఫలితాన్ని బట్టి ఫీజు కూడదు. వాటా అడిగారంటే వారు ఆ వృత్తులవారు కాకపోవచ్చు, లేదా ఆ నియమాలు లెక్కచేయనివారు కావచ్చు.

పోర్టల్‌లో ఫోన్ నంబరు, ఈమెయిల్ ఇంటివారివే ఉండాలి. మీకు చూడటం రాకపోతే కొడుకుదో కోడలిదో పెట్టండి. సలహాదారు ప్రాక్టీషనరైతే పోర్టల్‌లోనే ఆయనకు అధికారం ఇచ్చే పద్ధతి ఉంది, పాస్‌వర్డు చేతిలో పెట్టక్కర్లేదు. వేసిన ప్రతి రిటర్నుకూ వచ్చే రసీదు సంఖ్య కాపీ తీసుకుని తేదీ వేసి ఫైల్లో పెట్టండి. గుమాస్తాగా ముప్పై ఏళ్లు గడిపిన చాదస్తం అనుకున్నా సరే.

సలహాదారును మార్చాలనుకుంటే గొడవ పడకుండానే మార్చవచ్చు. ఆడిట్ విషయంలో కొత్త సీఏ పని ఒప్పుకునేముందు పాత సీఏకు రాతపూర్వకంగా తెలియజేయాలన్నది వారి నియమం. కాబట్టి దాచిపెట్టే పని కాదు, మీరే ముందు చెప్పడం మర్యాద. చెప్పేటప్పుడు గడిచిన ఏళ్ల రిటర్నులు, ఆడిట్ రిపోర్టులు, నోటీసులు, వాటికిచ్చిన జవాబులు, డిజిటల్ సంతకం టోకెన్ అడిగి తీసుకోండి. ఆ టోకెన్ మీ సంతకమే, మరొకరి డెస్కులో ఉండకూడదు. సీఏ మీద ఫిర్యాదు చేయవలసి వస్తే ఇన్‌స్టిట్యూట్ క్రమశిక్షణ విభాగానికి నిర్ణీత ఫారంలో పంపాలి, వకీలు మీదైతే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు. ఏ సంస్థలోనూ నమోదు కానివారి మీద అలా చెప్పుకునే చోటు లేదు, పోలీసులో కోర్టో మిగులుతాయి.

మా సంఘం ఏ సలహాదారు పేరూ సిఫార్సు చేయదు. కన్నడంలోనో ఇంగ్లీషులోనో వచ్చిన నోటీసు చదివి, అందులో ఏముంది, జవాబుకు ఆఖరి తేదీ ఏది అన్నది తెలుగులో చెప్పి పంపుతాం. నోటీసు అందిన రోజే తీసుకురండి.